దాలయ్య ఒడ్డెక్కేదాకా

బారువ రేవులో ఒకప్పుడు పైడమ్మ ముక్కుకి ఉన్న పరపతి సర్పంచి మాటకి కూడా ఉండేది కాదు. ఎండుచేపల బుట్టలు దించీ దించకముందే దూరంగా నిలబడి, "ఆ మూడో బుట్ట అడుగున మంచు తగిలిన సరుకుంది, తీసి ఎండేసుకోండి" అనేది. బుట్ట తెచ్చినవాడు గంగమ్మ తోడని ఒట్లు పెట్టినా వినేది కాదు. బోర్లించి చూస్తే అడుగున మెత్తబడ్డ చేపలు బయటపడేవి. జలంత్రకోట సంతలో కొబ్బరి రైతుల ఆడవాళ్ళు ఆమె సరుకుని వాసన చూడకుండానే కొనేవారు. పైడమ్మ ముక్కు ఒకసారి చూశాక మళ్ళీ మన ముక్కులెందుకని వాళ్ళ ధీమా.

అలాంటి ముక్కు పనిచెయ్యడం మానేసి అయిదేళ్ళు దాటింది. మొదట జలుబన్నారు. వావిలాకు ఆవిరి పట్టించారు, పసుపుకొమ్ము కాల్చి పొగ పీల్పించారు. జలుబు పోలేదు సరికదా, చుట్టంచూపుకొచ్చి ఇల్లరికం ఉండిపోయిన అల్లుడిలా అక్కడే పాతుకుపోయింది. కళ్ళ మధ్య పోటు. బుట్ట ఎత్తుకోవడానికి వంగితే తల బద్దలైపోయేది. గొంతులోకి చీము జారేది. వాసన మొదట సగమైంది, తరవాత పావలా వంతయింది, చివరికి అదీ పోయింది. పులుసు తింటే వేడినీళ్ళు తాగినట్టుండేది.

అదైనా భరించింది. కానీ ఒకరోజు సంతలో ఒకావిడకి నెత్తళ్ళు కొలిచి పోస్తుంటే, చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కొంగులు ముక్కులకి అడ్డం పెట్టుకున్నారు. సరుకు కుళ్ళిపోయిందని సంతలో అందరికీ తెలిసింది, కొలుస్తున్న పైడమ్మకి తప్ప. ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. ఎవరో జాలిపడి చెవిలో చెప్పారు. ఆ బుట్ట అక్కడే వదిలేసి ఇంటికొచ్చి, వాకిట్లో కూలబడి ఏడ్చింది. మళ్ళీ సంత ముఖం చూడలేదు.

పెద్ద పట్నం తీసుకెళ్తే అక్కడ ముక్కుదూలం వంకరగా ఉందని సరిచేశారు, లోపల నీళ్ళు కొట్టి కడిగారు. మూడు నెలలు బాగుంది. ఆ తరవాత మళ్ళీ మొదటికొచ్చింది.

అప్పుడే పలాసలో నాగసుధ అనే డాక్టరమ్మ చెవి ముక్కు గొంతు ఆసుపత్రి పెట్టిందని తెలిసింది. హరిశ్చంద్రపురం మేష్టారి కూతురట, చెయ్యి మంచిదట. పైడమ్మ కూతురు రజని ఆమెని బలవంతంగా అక్కడికి లాక్కెళ్ళింది. రజని కాపురం పక్కవీధిలోనే. తల్లికి రోగమొచ్చినా రొష్టొచ్చినా ముందుండేది ఆ పిల్లే.

నాగసుధ ముక్కులో దీపం వేసి చూసింది. పట్నంలో తీయించిన స్కానింగు ఫిల్ముని వెలుతురుకి ఎత్తిపట్టి చూసింది. ముఖం మధ్య నుంచి తెల్లటి గీతలు పొద్దు పొడిచినట్టు నాలుగువైపులా చిమ్ముతున్నాయి.

"ఇదేంటి పైడమ్మా, ముక్కుపుడకలతోనే స్కానింగు తీయించుకున్నావా?" అంది.

పైడమ్మకి ముక్కుకి రెండువైపులా పుడకలున్నాయి, ఒక్కోటీ బఠాణీ గింజంత. "మర బిగుసుకుపోయిందమ్మా. ఊడనేదు" అంది నేలచూపులు చూస్తూ.

అది పచ్చి అబద్ధం. మర నూనె రాసినంత సుళువుగా తిరుగుతుంది. అసలు సంగతి వేరే. వాళ్ళ వాడలో మొగుడు పోయినప్పుడే ఆడదాని ముక్కు బోసి అవుతుంది. అందుకని మగాడు సముద్రంలో వేట మీద ఉండగా పెళ్ళాం ముక్కుపుడక తియ్యకూడదు. తీస్తే గంగమ్మకి కబురు పెట్టినట్టే. ఒడ్డున ఉన్నప్పుడు తోముకో, మార్చుకో, నీ ఇష్టం. పట్నంలో స్కానింగు తీసిన పూట ఆమె మొగుడు దాలయ్య వేటలో ఉన్నాడు. ఆ మాట పైకి చెప్పడం కూడా అరిష్టమే కాబట్టి, పైడమ్మ మర మీద నెట్టేసింది. పట్నం వాళ్ళు సరేనని అలాగే తీసేశారు.

నాగసుధ గట్టిగా చెప్పింది. వచ్చే శుక్రవారం పుడకల్లేకుండా కొత్త స్కానింగు తీయాలి. శనివారం విశాఖపట్నం నుంచి పెద్ద డాక్టరు గారు సన్నటి గొట్టంలాంటి దుర్బీను పట్టుకుని వస్తున్నారు. దాన్ని ముక్కులోకి పెట్టి లోపల చూస్తూ ఆపరేషన్ చేస్తారు. మళ్ళీ ఆయన ఎప్పుడొస్తారో చెప్పలేం. "ముక్కుకీ కంటికీ మధ్య గోడ ఉల్లిపొరంత ఉంటుంది పైడమ్మా. లోపలి దారి ఫొటోలో చూసుకోకుండా నేను కత్తి పెట్టను. పెట్టనివ్వను."

"చేత్తే వాసనొత్తాదా అమ్మా?"

"పోటు తగ్గుతుంది. వాసన సంగతి మాటివ్వలేను. రావచ్చు."

ఆ 'రావచ్చు' అన్న ముక్కని పైడమ్మ కొంగున ముడేసుకుని ఇంటికొచ్చింది. దాలయ్యని కూర్చోబెట్టి, శుక్రవారం పొద్దు పొడిచిన దగ్గర్నుంచి తను తిరిగొచ్చేదాకా ఒడ్డు దిగనని ఒట్టు వేయించుకుంది. దాలయ్య వేశాడు. మంచివాడే, కానీ చేప కనపడితే ఒళ్ళు తెలియదు.

శుక్రవారం తెల్లారుతూనే తల్లీ కూతుళ్ళు సోంపేటలో రైలెక్కి పలాసలో దిగారు. స్కానింగు సెంటరు కాశీబుగ్గ బజారులో కొత్తగా వెలిసింది. మిషను మాత్రం పాతది, ఎక్కడో వాడి అమ్మేస్తే తెచ్చుకున్నది. దాన్ని నడిపే ఫణిశంకర్ పురోహితుల ఇంటి కుర్రాడు, నుదుటిమీద గంధం బొట్టు, కాళ్ళకింద నిప్పులున్నట్టు నిలబడలేని మనిషి. మధ్యాహ్నం కరెంటు తీసేస్తారు, జనరేటరు ఆ మిషనుని లాగలేదు. ఆ లోపల ఎంతమందిని తీస్తే అంతే.

"నెక్స్ట్ మీరేనండి. ముక్కుపుడకలు, చెవిదిద్దులు, మెడలో గొలుసు, మెటల్ అన్నది ఏదీ ఉండకూడదు. త్వరగా."

పైడమ్మ దిద్దులు తీసింది. పసుపుతాడుకున్న పుస్తెలు వెనక్కి జరిపి వీపుమీద వేసుకోమంటే వేసుకుంది. ఆమెకి భయం లేదు. అయిదేళ్ళ తరవాత ముక్కులో ఏముందో కనపడబోతోందన్న ఉత్సాహం. కుడిపుడక మర మీద వేలు పెట్టింది. ఒక చుట్టు తిప్పింది.

అంతలో కింద ఎస్టీడీ బూతు నుంచి రజని మెట్లన్నీ ఒక్క ఊపులో ఎక్కి వచ్చింది. తాము క్షేమంగా చేరామని బారువ బూతు తాతారావుకి చెప్పడానికి వెళ్ళిన పిల్ల అది.

"అమ్మా, తియ్యకు. ఆగు."

"ఏటే?"

"అయ్య ఏటకెల్లిపోనాడంట."

పైడమ్మ తిప్పిన చుట్టుని వెంటనే వెనక్కి తిప్పేసింది. రజని రొప్పుతూ చెప్పింది. వీళ్ళు రైలెక్కాక ఒడ్డుకి దగ్గర్లోనే నెత్తళ్ళ గుంపు పడిందట. నీళ్ళు వెండిలా మెరిశాయట. ఊళ్ళో పడవలన్నీ దిగిపోయాయట. దాలయ్య కాసేపు ఇసకలో అటూ ఇటూ తిరిగి, చేతులు పిసుక్కుని, 'ఇలగెల్లి అలగొచ్చెత్తాను' అని తెప్ప తోసుకుపోయాడట.

"ఒట్టేసినాడు కదే నా నెత్తిమీద సెయ్యేసి," అంది పైడమ్మ. కోపం నషాళానికి అంటింది. ఆ కోపంలోనే ఒక మూల, నీళ్ళు వెండిలా మెరిశాయంటే ఎంత గుంపు పడిందోనని లెక్క కూడా వేసుకుంది. ఎంతైనా ఆమె చేపలమనిషి.

ఫణిశంకర్ తల బయటపెట్టాడు. "అయిందా అమ్మా?"

"అవనేదు బాబూ. కూసింతసేపు ఆగాల."

"ఎంతసేపు?"

"మా ఆయన ఒడ్డెక్కేదాకా."

ఫణిశంకర్‌కి ముందు అర్థం కాలేదు. రజని విడమరిచి చెప్పాక అర్థమై, నెత్తి కొట్టుకున్నాడు. "ఇదేం పిచ్చి అండీ? ఆయన ఎక్కడో సముద్రంలో, మీరు ఇక్కడ పలాసలో. ఈ పుడకకీ ఆ పడవకీ కనెక్షన్ ఏమైనా ఉందా?"

"నీకు నేదు బాబూ. నాకుంది" అంది పైడమ్మ శాంతంగా. ఫణిశంకర్ వెనకున్న రోగిని లోపలికి పిలిచాడు.

ఇద్దరూ కిందికి దిగి మళ్ళీ బారువకి ఫోను కలిపారు. తాతారావు గొంతు సముద్రం హోరుతో కలిసి వచ్చింది. ఆయన బూతు రేవు పక్కనే.

"కనపడతన్నాడే అమ్మీ. కెరటాలు దాటి అవతలున్నాడు. కేకేత్తే ఇనపడదు. వల దింపీసినాడు, ఇప్పట్లో రాడు." కాస్త ఆగి, గొంతు తగ్గించాడు. "బేగి రావాలంటే ఒకటే దారి. ఎర్రసీర ఎత్తాల."

పైడమ్మ రిసీవరు లాక్కుంది. "ఒద్దు తాతారావన్నా. ఆ మాటే అనకు."

రేవులో సరుగుడు వాసానికి ఎర్రచీర కట్టి పైకెత్తితే అర్థం ఒక్కటే. ఇంట్లో ఎవరో పోయారు, ఉన్నపళంగా వచ్చెయ్యమని. అది చూసినవాడు వలనీ చూడడు, కెరటాన్నీ చూడడు. ఇంట్లో చావు లేకుండా ఆ చీర ఎత్తినవాళ్ళు ఆ రేవులో ఇంతవరకూ లేరు. ఆ చీర చూస్తే దాలయ్యకి ముందు గుర్తొచ్చేది ఆసుపత్రికని వెళ్ళిన పెళ్ళామే. గుండె చేత్తో పట్టుకుని ఆ విరిగే కెరటాల్లోంచి తెప్ప నడుపుతాడు. మనిషి జారితే?

"ముక్కు నేకుండా బతికినాను, ఇంకా బతకగల్ను. మనిసి నేకపోతే ఏటి సెయ్యను?" అని ఫోను పెట్టేసింది. మెట్లెక్కి బల్ల మీద కూర్చుంది. కూర్చున్నదల్లా లేచింది, లేచినదల్లా కూర్చుంది. గోడగడియారం వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. తనకిక శనివారం లేదు. సంత లేదు. ఇంట్లో ఎవరు ఏం వండినా వేడినీళ్ళే. అనుకునేకొద్దీ దుఃఖం పొంగుకొచ్చింది.

కబురందుకుని నాగసుధ ఆసుపత్రి నుంచి నడుచుకుంటూ వచ్చింది. కోప్పడలేదు. పక్కన కూర్చుని, "మర బిగుసుకుపోయిందన్నావు?" అంది.

పైడమ్మ తల వంచుకుంది. "అబద్దమాడినానమ్మా."

"పోనీలే. నేనొకటి చెప్తాను విను. మా అమ్మమ్మ పుడక కడిగినప్పుడల్లా కన్నంలో వేపపుల్ల పెట్టుకునేది. నువ్వూ వేపపుల్ల పెట్టుకో. ముక్కు బోసి అవదు, మిషనుకీ అడ్డం రాదు. ఏమంటావ్?"

పైడమ్మ ఆలోచించింది. డాక్టరమ్మ తనని వెక్కిరించకుండా తన దారిలోనే దారి వెతుకుతున్నందుకు ఆమెమీద ప్రేమ కూడా కలిగింది. "పుల్ల ఎట్టాలన్నా ముందు పుడక తియ్యాల కదమ్మా. తీసినాక, ఎట్టకముందు, ఆ సణం ఉంటాది సూడు. ఆ సణం సాలు గంగమ్మకి."

నాగసుధ నవ్వాపుకుంది. ఈ తర్కం ముందు వైద్యశాస్త్రం చేతులెత్తేసింది.

"అదేటి, రజని ఏదీ?" అంది పైడమ్మ కాసేపటికి.

రజని లేదు. మంచినీళ్ళకెళ్ళిందేమో అనుకున్నారు. ఫణిశంకర్ ఒకరి తరవాత ఒకరిని లోపలికి పిలుస్తున్నాడు, బల్ల ఖాళీ అవుతోంది. చివరికి పైడమ్మ ఒక్కతే మిగిలింది. ఫణిశంకర్ గుమ్మంలో నిలబడి ఒకసారి గడియారాన్నీ ఒకసారి ఆమెనీ చూస్తున్నాడు. అతని చిరాకు ఎప్పుడు పోయిందో పోయింది, ఇప్పుడు అతనికీ ఆత్రంగానే ఉంది. "వచ్చాడా మీ ఆయన?" అని తనే అడగడం మొదలెట్టాడు.

అప్పుడు కింద నుంచి రజని కేక వినిపించింది. "అమ్మా, బేగి రా. ఫోను. అయ్య."

పైడమ్మ మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. వెనకే నాగసుధ, ఆ వెనక ఫణిశంకర్. రిసీవరు చెవిన పెట్టుకునేసరికి అవతల నుంచి ఎగశ్వాస వినపడింది. తరవాత దాలయ్య గొంతు, ఏడుపుతో ముక్కలైపోతూ.

"రజనీ... సెప్పే. మీ అమ్మని ఎప్పుడు తెత్తన్నారు? బండి మాటాడినారా? నాను రానా?"

పైడమ్మ కూతురి వైపు చూసింది. రజని గోడకి ఆనుకుని, కొట్టినా పడతానన్నట్టు నిలబడి ఉంది. సంగతి మొత్తం తెలిసిపోయింది. చాటుగా మళ్ళీ ఫోను చేసి ఎర్రచీర ఎత్తించేసింది. ఒడ్డెక్కిన దాలయ్యకి తాతారావు ఏదో చెప్పబోతుంటే అతను వినిపించుకునే స్థితిలో లేడు, ఫోను లాక్కున్నాడు. ఈ పిల్లని చెంప పగలగొట్టాలా, కావలించుకోవాలా అన్నది పైడమ్మకి తేలలేదు. ముందు అవతలవాడి సంగతి చూడాలి.

"ఎవుర్ని తెత్తారు మావా? శవమే మాటాడతంది," అంది.

అవతల రిసీవరు దేనికో తగిలిన చప్పుడయింది.

"ఒలే... పైడీ?"

"నానే."

"నువ్వు... బతికున్నావేటే?"

"బతికే ఉన్నాను. నా నెత్తిమీద ఒట్టేసి ఏటకెల్లినావు కదా, అయినా బతికే ఉన్నాను. ముందిది సెప్పు. దెబ్బలేటైనా తగిలినాయా?"

"నేదు. వల తాడు కోసీసి వచ్చీసినాను."

వల కోసేశాడు. బెస్తవాడు చెయ్యి కోసుకుంటాడు గానీ వల కోసుకోడు. పైడమ్మకి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. కానీ ఇప్పుడు ఏడవడానికి తీరికలేదు.

"మావా, ఇను. ఇప్పుడు నువ్వెక్కడున్నావు? నిజం సెప్పు."

"తాతారావు బూతులో."

"కాళ్ళు ఇసకలో ఉన్నాయా, నీళ్ళలో ఉన్నాయా?"

"ఇసకలోనే."

"అక్కడే ఉండు. నాను మల్లీ మాటాడేదాకా నీళ్ళేపు సూత్తే నీ కాళ్ళిరగ్గొడతాను." రిసీవరు కూతురి చేతిలో పెట్టింది. "నువ్వు దీన్నట్టుకునుండు. మీ అయ్య కదిలితే కేకెయ్యి. నీ సంగతి ఇంటికెల్లినాక సెప్తాను."

మెట్లెక్కుతూనే రెండు పుడకలూ తీసేసి నాగసుధ అరచేతిలో పోసింది. ఫణిశంకర్ అప్పటికే మిషను దగ్గరికి పరిగెత్తాడు. ఆమెని పడుకోబెట్టి, తల పట్టీతో బిగించి, "కదలకండమ్మా, మింగకండి, దగ్గకండి" అని తలుపేసుకున్నాడు. మిషను గర్రుమంది. బల్ల ఇంచీ ఇంచీ జరుగుతోంది. పైడమ్మ బోసి ముక్కుతో, కళ్ళు మూసుకుని, బారువ ఇసకలో దాలయ్య పాదాలనే తలుచుకుంటూ ఉంది. గంగమ్మా, ఆడు ఒడ్డునున్నాడు, ఒడ్డునే ఉన్నాడు, సూసుకో. అద్దం వెనక ఫణిశంకర్ ఒక్కో పటం వస్తున్నకొద్దీ పిడికిలి బిగిస్తున్నాడు. ఆఖరి పటం తెరమీద పడి, ఫిల్ముమీదికెక్కి, బల్ల వెనక్కొచ్చింది. పైడమ్మ లేచి కూర్చుని కొంగు సర్దుకుంటుండగా పైన ఫ్యాను నెమ్మదించి ఆగిపోయింది. గదంతా చీకటయింది.

"వచ్చేసిందండీ. ఫుల్‌గా వచ్చేసింది," అని ఆ చీకట్లోంచి ఫణిశంకర్ గొంతు వినిపించింది.

పైడమ్మ ముందు పుడకలు పెట్టుకుంది. కిందికి దిగి, దాలయ్యని వదిలిపెట్టింది. ఆ తరవాతే కిటికీ దగ్గరికొచ్చింది. నాగసుధ ఫిల్ముని ఎండకి ఎత్తిపట్టుకుని ఉంది. ఈసారి తెల్లగీతల్లేవు. ఆమె కళ్ళు ఫిల్మంతా తిరిగి ఒకచోట ఆగిపోయాయి.

"దొరికింది," అంది నాగసుధ. చదువుకునే రోజుల్లో పరీక్ష ఫలితాలు చూసుకున్నప్పటి ముఖంలా ఉంది ఆమెది. "రా పైడమ్మా, చూడు. ఇది నీ ముఖమే. తెల్లగా ఉన్నది ఎముక, నల్లగా ఉన్నది గాలి. బుగ్గల వెనక ఈ గదులు నల్లగా ఉండాలి. నీకు బూడిదరంగులో ఉన్నాయి, అదంతా చీము."

"ఎందుకు పోదమ్మా అది?"

"తలుపు మూసుకుపోయింది కాబట్టి. ముక్కు పక్కగోడకి చిప్పల్లాంటి ఎముకలుంటాయి. ఈ నడిమి చిప్ప సన్నగా ఉండాలి. నీకు కుడివైపు చూడు, బుడగలా ఉబ్బిపోయి లోపల గాలిగది కట్టుకుంది. ఇటువైపు చీముగది తలుపుని మూస్తోంది. అటువైపు దూలాన్ని నొక్కుతోంది. పైన ఈ సన్నటి సందు ఉంది చూశావా? వాసన వెళ్ళే దారి అది. దాన్ని పిసికేస్తోంది. ఎడమవైపు కంటికింద ఇంకో బుల్లి గది అదనంగా ఉంది, అదీ గుమ్మానికి అడ్డమే."

"ఇదేటి రోగమమ్మా?"

"రోగం కాదు, పుట్టుకే అంత. అందరి ముక్కులూ పైకి ఒకలాగే ఉంటాయి గానీ, లోపల ఒకరిలా ఒకరికుండదు. ఈ వీధిలో వాళ్ళందరికీ ఫొటోలు తీస్తే చాలామందికి ఏదో ఒక వంకర, ఏదో ఒక బుడగ ఉంటుంది. వాళ్ళకేమీ కాదు, హాయిగా తిరుగుతారు. నీకు మాత్రం దారులే ఇరుకు. జలుబు చేసి కాస్త వాచేసరికి పూర్తిగా మూసుకుపోతున్నాయి. దూలం సరిచేశారు గానీ ఈ బుడగ అలాగే ఉండిపోయింది."

"పట్నంలో ఇది కనపళ్ళేదా?"

నాగసుధ పాత ఫిల్ము తీసి పక్కన పెట్టింది. ఆ చోటంతా పుడకల మెరుపే. పైడమ్మ రెండింటినీ చాలాసేపు చూసింది. మర మీద పెట్టిన చిన్న అబద్ధం ఇన్నాళ్ళ వాసనని తినేసింది. సిగ్గేసింది, నవ్వొచ్చింది, ఆ రెండింటినీ మించి ఒళ్ళంతా తేలికైపోయింది. ఇన్నాళ్ళూ పేరూ ఊరూ లేని శత్రువుతో పోరాడింది. ఇప్పుడు దాని ముఖం చూసింది, ఉబ్బిపోయిన ఒక చిప్ప. దానికా ఇంత భయపడింది?

శనివారం పెద్ద డాక్టరు దుర్బీను పట్టుకుని వచ్చారు. నాగసుధ ఫిల్ముని ఎదురుగా తగిలించి, దారి చెబుతూ, ఆయనతోపాటు చేసింది. బుడగని చీల్చి ఒక సగం తీసేశారు, బుల్లి గదిని తొలగించారు, చీముకి దారి తెరిచారు. కళ్ళకేమీ కాలేదు. పైడమ్మ ముక్కునిండా గుడ్డలతో బారువ చేరింది. ఆ వారమంతా దాలయ్య ఎవరూ అడగకపోయినా ఒడ్డు దిగలేదు. సగం వల ఎవరి తెప్పకో తగులుకుని తిరిగొస్తే, అది ఒళ్ళో వేసుకుని కుట్టుకుంటూ కూర్చున్నాడు.

గుడ్డలు తీశాక, రోజూ ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోమంది నాగసుధ. పోటు పోయింది. వంగితే తల వంగినట్టే ఉంది, బద్దలవలేదు. ఊపిరి రెండువైపులా ధారాళంగా ఆడింది. వాసన మాత్రం రాలేదు. పైడమ్మ మల్లెపూలు ముక్కుకి ఆనించుకుంది. కిరసనాయిలు సీసా మూత తీసి చూసింది. ఎవరూ లేనప్పుడు రేవులో చేపల కుప్ప పక్కన కూర్చుని గట్టిగా ఊపిరి లాగింది. గాలి వచ్చింది, అంతే. "పోనీలే, తలనొప్పి పోయింది కదా" అని రజనితో పైకి అంది. పిల్ల అటు తిరగగానే కొంగుతో కళ్ళొత్తుకుంది. నెలలు పట్టొచ్చు, ఓపిక పట్టమంది డాక్టరమ్మ. అసలు రాకపోవచ్చని కూడా నిజాయితీగా చెప్పింది.

మామిడికాయలొచ్చే రోజుల్లో ఒక సాయంత్రం దాలయ్య పొద్దు గుంకకముందే ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. పైడమ్మ అన్నం పెట్టి, పులుసు పొయ్యడానికి వంగింది. అతను "ఇంకొంచెం" అంటూ ముఖం ఎత్తాడు.

ఏదో తగిలింది.

పైడమ్మ గరిటె గాల్లోనే ఆపింది. ముందు అదేమిటో అర్థం కాలేదు. వెచ్చగా, పుల్లగా ఉంది. పులిసిన బెల్లం. కాగిన కుండ. దాని వెనకాల ఇంకేదో ఘాటు. ఎక్కడో ఎరిగినదే, మరిచిపోయిన మేనత్త గొంతులా మెల్లగా ఆనవాలు పట్టింది. గరిటె గిన్నెలో వదిలేసింది.

"మావా. నువ్వు సారా తాగినావు."

దాలయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. రజని పెళ్ళినాడు గంగమ్మ సాక్షిగా సారా మానేశానని ప్రమాణం చేసిన మనిషి అతను. పెళ్ళాం ముక్కు మూగబోయిన ఈ అయిదేళ్ళూ, రోజూ సారా కాచే రత్నాలమ్మ దొడ్లో ఒక గ్లాసు వేసుకుని, దర్జాగా ఇంటికొచ్చి, ఆమె పక్కనే కూర్చుని భోంచేస్తున్నాడు. ఊరందరికీ తెలుసు. వాసన తెలియని పైడమ్మకి తప్ప.

"అది... ఇయ్యాలొక్కపూటేనే. ఒట్టు. ఆ రత్నాలమ్మ బతిమాలితే..."

"నోరుముయ్యి."

దాలయ్య నోరు మూసుకుని, పీట మీంచి కొంచెం వెనక్కి జరిగాడు. పైడమ్మ రెండు చేతులతోనూ అతని చెంపలు పట్టుకుంది. కొడుతుందనుకుని అతను కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"మూసుకోకు. నోరు తెరు. ఊదు."

"ఆఁ?"

"ఊదమంటన్నాను."

దాలయ్య భయంభయంగా ఊదాడు. పైడమ్మ కళ్ళు మూసుకుని, ఆ వాసనని గుండెలదాకా లాక్కుంది. సారా, బీడీ, ఉప్పు, చేపపొలుసు, చెమట, అన్నీ వేటికవే తగిలాయి. కన్నీళ్ళు ముక్కు పక్కల నుంచి జారి ముక్కుపుడకల మీద పడుతున్నాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"ఇంకోపాలి ఊదు మావా," అంది.